ఆపాతో బెంగళూరులో ఒక్కరాత్రి బస

బెంగళూరులో మేము గడపాల్సింది ఒకే ఒక్క రాత్రి. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్న దాని మీద మాత్రం ఇటు వికారాబాదులోనూ అటు తాండూరులోనూ వారం రోజులు వాదన నడిచింది.

నేను వికారాబాదులో ఒక ప్రభుత్వ బాలికల బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పుట్టింది బషీరాబాదు పక్కన, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊళ్ళో. నాతో ప్రయాణం చేయాల్సిన ఆవిడ తాండూరులో నాపరాళ్ళకు పాలిష్ పట్టే చిన్న కార్ఖానా నడిపే మనిషి. అరవై దాటాయి. భర్త పోయాక ఇద్దరు కొడుకులనూ పక్కన పెట్టుకుని ఆ మిషన్లు ఆగకుండా చూసుకుంది. అక్కను ఉర్దూలో ఆపా అంటారు కదా, తాండూరులో సగం మందికి ఆమె ఆపాయే. నాకూ అంతే. మేము పోతున్నది షాట్‌పుట్ పోటీకి. దేశంలోని పెద్దవయసు క్రీడాకారులంతా వచ్చే పోటీలవి. అరవై దాటిన ఆడవాళ్ళ విభాగంలో మన రాష్ట్రం నుంచి ఆపా వెళుతోంది.

ఆమె చేతిలోకి ఇనుప గుండు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. అప్పుడు నేను తాండూరు బడిలో పనిచేస్తున్నాను. ఆపా మనవరాలు నా దగ్గర చదివేది. ఒక సాయంత్రం ఆడపిల్లలతో షాట్‌పుట్ సాధన చేయిస్తుంటే ఒక గుండు దొర్లుకుంటూ పోయి, మనవరాలి కోసం వచ్చి నిలబడ్డ ఆపా కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె వంగి దాన్ని తీసి, పక్కింటి గోడ మీదికి నిమ్మకాయ విసిరినంత తేలిగ్గా మా వైపు విసిరింది. అది నన్ను దాటి వెనక పడింది.

నేను ఆమె దగ్గరికి పరుగెత్తాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఎవ్వరికన్న తగిలిందా టీచరమ్మా? నేను సూడలే."

"తగల్లేదు ఆపా. ఇంకోసారి ఎయ్యండి."

"ఎందుకు?"

"నాకోసం ఎయ్యండి."

వేసింది. ఈసారి ఇంకా దూరం పోయింది. పెద్ద పెద్ద బండలు ఎత్తి దించి, ఎత్తి దించి గట్టిపడ్డ భుజాలు అవి. ఆ రోజు నుంచి నేను ఆమెను వదల్లేదు. ఒప్పించడానికి చాలాకాలం పట్టింది. ఈ వయసులో నలుగురి ముందు ఇదేం పని అని ఆమె, పడితే నడుము విరుగుతుందని కొడుకులు. నాకు వికారాబాదుకు బదిలీ అయ్యాక కూడా ఆదివారం పూట రైలెక్కి తాండూరు పోయేదాన్ని. చేతుల నిండా జుబ్బా, తల చుట్టూ బిగించి కట్టుకున్న ఓణీ, కాళ్ళకు మనవరాలి బూట్లు. ఈ వేషంలో ఆపా రాళ్ళ దొంతర్ల మధ్య ఖాళీ జాగాలో గుండు విసిరేది. హైదరాబాదులో జరిగిన రాష్ట్ర పోటీల్లో మొదటి స్థానం వచ్చింది. ఆ పతకం చూశాక చిన్న కొడుకు తానే ముందుకొచ్చి, అమ్మీ విమానం ఎక్కి తీరాలని పట్టుబట్టి, మా ఇద్దరికీ బెంగళూరుకు టికెట్లు తీశాడు. శనివారం మధ్యాహ్నం పోవడం, ఆదివారం పొద్దున పోటీ, అదే సాయంత్రం తిరుగు విమానం. సోమవారం నేను పరీక్షల డ్యూటీలో ఉండాలి కాబట్టి ఇంకోరోజు పెంచే వీల్లేదు.

టికెట్ల తర్వాత గది. అక్కడే పేచీ వచ్చింది.

"మేడం, ఎయిర్‌పోర్ట్ పక్కన మస్తు హోటళ్ళున్నయ్" అన్నాడు చిన్న కొడుకు, ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ. "దిగంగనే రూమ్‌కు పోవచ్చు. ట్రాఫిక్ లేదు, లొల్లి లేదు. పొద్దున క్యాబ్ ఎక్కుతే అయిపాయె. సాయంత్రం ఫ్లైట్ కూడ గాడికెల్లే కదా."

"గ్రౌండ్ ఊరి నడుమ ఉంది బాబూ" అన్నాను. "ఎయిర్‌పోర్ట్ నుంచి గ్రౌండ్‌కు, గిక్కడికెల్లి వికారాబాద్ పోయినంత దూరం. లేటయ్యేదుంటే శనివారం సాయంత్రం కానీ. పోటీ ఉన్న పొద్దున గావద్దు."

"ఇద్దరు ఆడోళ్ళు, తెల్వని ఊరు. బజార్ల నడుమ హోటల్ అంటే నాకు పరేషాన్ ఉంటది మేడం."

అతని భయం అబద్ధం కాదు. తల్లిని ఒంటరిగా ఎప్పుడూ జిల్లా దాటించలేదు. నా పట్టుదల కూడా ఊరికే వచ్చింది కాదు. చాలా ఏళ్ళ కిందట మా పిల్లల ఖోఖో జట్టును ఒక పెద్ద పోటీకి తీసుకుపోతే, నిర్వాహకులు ఊరి బయట ఎక్కడో బస ఇచ్చారు. మమ్మల్ని ఎక్కించుకున్న బస్సు దారిలో ఇరుక్కుపోయింది. పిల్లలు బస్సు దిగి, ఒళ్ళు వేడెక్కించుకునే తీరిక కూడా లేకుండా నేరుగా ఆటలోకి పరుగెత్తారు. ఓడిపోయి వచ్చి నా చుట్టూ కూర్చున్న ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. వాళ్ళు ఆటలో ఓడలేదు, రోడ్డు మీద ఓడారు.

మా ఇంట్లోనూ నాకు బలం దొరకలేదు. మా ఆయన మర్పల్లిలో విత్తనాల దుకాణం నడుపుతారు. సంగతి విని, "నీకెందుకీ పంచాయితి? వాళ్ళమ్మ, వాళ్ళ టికెట్లు. వాళ్ళు చెప్పిన కాడ పండుకొని రా" అన్నారు.

అసలు చిక్కు ఆపాతోనే వచ్చింది. ఎయిర్‌పోర్టు పక్కన హోటల్ ముందు పచ్చటి గడ్డి పరుచుకుని ఉన్న ఫొటో ఆమెకు తెగ నచ్చేసింది.

"ఎంత మంచిగున్నది సూడు టీచరమ్మా. పొద్దుగాల లేసి ఆ గడ్డి మీద రెండుసార్లు గుండు ఏసుకుంట."

"ఆ గడ్డిలో మీరు గుంతలు పెడితే వాళ్ళు మనల్ని గ్రౌండ్ దాకా కూడ పోనియ్యరు ఆపా."

ఆమె నవ్వింది కానీ ఫోన్ మాత్రం పక్కన పెట్టలేదు. ఊరి మధ్యలో నేను చూపించిన హోటల్ ఫొటోలో గడ్డి లేదు. ఒక ఇరుకు వీధి, ఒక బోర్డు, దాని పక్కన మందుల షాపు, అంతే. చూడగానే ఎవరికీ మనసవదు.

తర్వాతి ఆదివారం నేను తాండూరు పోయినప్పుడు కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. విమానం ఆలస్యమైనా, ట్రాఫిక్ ఆగినా, వాన పడినా, ఆ దెబ్బలన్నీ శనివారం తినేసి రాత్రికి పోటీ పక్కన పడుకోవాలి. పొద్దున మన కాళ్ళ మీద మనం నడిచి గ్రౌండ్‌లోకి పోవాలి. మధ్యలో డ్రైవరు, ఫ్లైఓవరు, ఎవరూ ఉండకూడదు. తిరుగు విమానం సాయంత్రం కదా, అప్పుడెంత సేపు ట్రాఫిక్‌లో కూర్చున్నా ఆపా భుజానికి వచ్చిన నష్టం లేదు. భాష సంగతి అంటారా, బషీరాబాదులో పెరిగినదానికి కన్నడ రాదా.

చిన్న కొడుకు ఇంకేదో అనబోతే ఆపా చెయ్యెత్తి ఆపింది.

"గుండు నువ్వు నేర్పినవా, టీచరమ్మ నేర్పిందా?" అని కొడుకును అడిగింది. "ఆమె యాడ పండమంటే గాడ పండుకుంట. బాత్ ఖతం."

నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో జట్టు ఎక్కడ దిగాలో, ఏ బస్సెక్కాలో ఎప్పుడూ పైవాళ్ళే చెప్పారు. మొదటిసారి నా మాట మీద ఒక గది బుక్కయింది. ఆ సాయంత్రం తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగేదాకా నేను కిటికీ పక్కన రాణిలా కూర్చున్నాను. ఒకవేళ నా లెక్క తప్పితే ఏం ముఖం పెట్టుకుని తాండూరుకు వస్తానన్న బెదురు కూడా లోపల లేకపోలేదు.

శంషాబాదు విమానాశ్రయంలోనే మొదటి గండం. సాధన కోసం ఆపా తన సొంత గుండు వెంట తెచ్చుకుంది. అది పెట్టెలో పెట్టమని చెప్పడం నేను మరిచాను. ఆమె దాన్ని చున్నీలో చుట్టి చేతి సంచిలో వేసుకుంది. తనిఖీ దగ్గర సంచి తెర మీదికి పోగానే బెల్ట్ ఆగింది. యూనిఫారంలో ఉన్న తెలుగమ్మాయి వచ్చి, "ఇందులో ఏముందమ్మా?" అని అడిగింది.

ఆపా ఏ దాపరికమూ లేకుండా, "గుండు" అంది.

ఆ అమ్మాయి చెయ్యి సంచి మీద అలాగే ఆగిపోయింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. నేను నలుగురైదుగురిని తోసుకుని వెళ్ళి, "తుపాకి గుండు కాదమ్మా, ఆటల గుండు. షాట్‌పుట్. ఈమె ప్లేయర్" అన్నాను. ఆ అమ్మాయి చున్నీ విప్పి గుండును చూసింది, ఆపాను చూసింది, నన్ను చూసింది.

"ఈమెనా ప్లేయర్?"

"రాష్ట్రంల ఫస్ట్" అంది ఆపా.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. అయినా గుండును చేతి సంచిలో పంపే వీల్లేదని, వెనక్కి పోయి సామాన్లలో వేసి రమ్మంది. మేము పరుగులు పెట్టి ఆ పని చేసుకుని వచ్చేసరికి విమానం ఎక్కే వరసలో చివరివాళ్ళం మేమే. ఆపా మాత్రం కిటికీ సీట్లో కూర్చుని, మబ్బులు కనబడగానే నా ముంజేయి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు. గుండు పట్టే చెయ్యి కదా, ఆ గుర్తు మర్నాటిదాకా ఉంది.

బెంగళూరులో దిగాక నా లెక్క తప్పిందేమోనని చాలాసేపు అనిపించింది. బయటికి రాగానే ఎయిర్‌పోర్టు హోటళ్ళ బోర్డులు వెలుగుతూ కనిపించాయి. వాటిని దాటుకుని మా టాక్సీ ఊళ్ళోకి పోతుంటే ఆపా తల తిప్పి తిప్పి చూసింది. తర్వాత ట్రాఫిక్ మొదలైంది. బండి కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. మధ్యలో వాన. డ్రైవరుతో కన్నడలో మాట్లాడితే అతను అద్దంలో నన్ను చూసి నవ్వాడు. నా మాట వినగానే సేడం వైపు మనిషిననుకున్నాడట. సేడం మా ఊరికి సరిహద్దు అవతలి గట్టే. అతనిదీ అదే వైపని తెలిశాక దారి కాస్త తేలికయింది. హోటల్ చేరేసరికి ఆపా భుజం పట్టేసింది. గది చిన్నది. కిటికీ తెరిస్తే హారన్లు.

చిన్న కొడుకు ఫోన్ చేశాడు. ఎలా ఉందని అడిగితే నేను జవాబు వెతుక్కునేలోపే ఆపా ఫోన్ తీసుకుని, "మస్తున్నది బేటా. ఫికర్ జెయ్యకు" అంది. ఫోన్ పెట్టాక నా వైపు తిరిగి, "జర భుజానికి నూనె రుద్దు" అంది. రుద్దాను. ఆమె హాయిగా నిద్రపోయింది. నా నిద్ర సంగతి చెప్పుకోనవసరం లేదు.

తెల్లవారి ఆమె నమాజు ముగించుకుని లేస్తుండగా నా ఫోన్‌కు సందేశం వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ వాన పడేలా ఉందని, ఆడవాళ్ళ విసురుడు పోటీలన్నీ ముందుకు జరిపారు. షాట్‌పుట్ అన్నిటికంటే ముందు. అనుకున్న వేళకు గంటకు పైగా ముందే అక్కడ ఉండాలి.

నేను ఆ సందేశం చదివి వినిపిస్తే ఆపా బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "అయితే నడువు" అంది.

నడిచాం. తడిసిన రోడ్డు, అప్పుడే తెరుస్తున్న దుకాణాలు, ఇడ్లీ బండి మీద పొగ. హోటల్ వీధి చివర మలుపు తిరగగానే గ్రౌండ్ గేటు. ఆపాకు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. నడకతోనే సగం వేడెక్కింది. విసిరే వలయం తడిగా ఉంటే ఆమె తువ్వాలుతో తుడిచి, బూటు ఎక్కడ జారుతుందో, ఎక్కడ పట్టుకుంటుందో నాలుగుసార్లు అడుగేసి చూసుకుంది. పాలిష్ పట్టిన రాళ్ళ మీద తిరిగిన కాలు అది, జారుడు సంగతి దానికి తెలుసు.

పేర్లు పిలిచేటప్పుడు ఒకరు లేరు. కేరళ నుంచి వచ్చిన పొడుగాటి ఆవిడ, రిటైరైన నర్సు, పోయినసారి గెలిచింది ఆవిడే. ఆమె స్నేహితురాలు ఫోన్ చెవికి పెట్టుకుని కంగారుగా తిరుగుతోంది. ఎయిర్‌పోర్టు పక్కన హోటల్లో దిగిందట. సందేశం చూడగానే టాక్సీ ఎక్కింది కానీ మధ్యలో ఎక్కడో ఫ్లైఓవరు మీద ఆగిపోయింది. విజిల్ మెడలో వేసుకున్న పెద్దావిడ, ఆ పోటీకి అధికారి, కాగితం మీద ఆ పేరు కొట్టేయడానికి పెన్ను తీసింది.

నిజం చెప్పాలంటే నా గుండెలో ఒక పండగలాంటిది మొదలైంది. నేనన్నది నా కళ్ళముందే నిజమైంది. పైగా గట్టి పోటీ తప్పిపోయింది. ఆ ముచ్చటే ఆపా చెవిలో వేశాను.

ఆపా సంతోషపడలేదు. "పోయినసారి గెల్చినామె రాకుంటే నేను ఎవర్ని గెల్చినట్టు?" అంది. "నీకు వీళ్ళ భాష వస్తది కద. ఆమెతోని మాట్లాడు, జర ఆగమను."

నేను వెళ్ళి కన్నడలో అడిగాను. అధికారి ఒప్పుకోలేదు. అప్పుడు ఆపా తానే వచ్చి నా పక్కన నిలబడింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి చేరారు. మాకేం అభ్యంతరం లేదని తలా ఒక భాషలో చెప్పారు. ఆ పెద్దావిడ అందరి ముఖాలూ చూసి పెన్ను మూసింది. పోటీ ఆపడం కుదరదని, ఆ మనిషి వచ్చేలోగా పోయిన అవకాశాలు పోయినట్టేనని, వచ్చాక మిగిలినవి విసరనిస్తానని చెప్పింది.

మొదటి విడతలో ఆపాదే ఎక్కువ దూరం. రెండో విడత నడుస్తుండగా కేరళ ఆవిడ గేటు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చెమట, ఆయాసం. వచ్చీ రాగానే విసిరితే గుండు దగ్గర్లోనే పడింది. బస్సు దిగి పరుగెత్తిన నా ఖోఖో పిల్లలే కనిపించారు నాకు. నా దగ్గరున్న నీళ్ళ సీసా తీసుకెళ్ళి ఆవిడకిచ్చాను. చేతులు తిప్పుకోమని సైగ చేశాను. ఆపా తన తువ్వాలు ఇచ్చింది.

ఒళ్ళు వేడెక్కాక ఆవిడ అసలు రూపం చూపించింది. చివరి విడతకు ముందు ఆవిడ విసిరిన గుండు ఆపా గుర్తును దాటి పడింది. చప్పట్లు మోగాయి. నీళ్ళు ఇవ్వకుండా ఉంటే బాగుండేదేమోనన్న పాడు ఆలోచన కూడా వచ్చిపోయింది.

ఆపాకు ఇంక ఒక్క అవకాశం ఉంది. వలయంలోకి పోయేముందు నా వైపు చూసింది. నేను ఎక్కువ మాటలు చెప్పలేదు.

"చేతితోని కాదు ఆపా, నడుముతోని. బండ ఎత్తినట్టు."

ఆమె తల ఊపింది. గుండును మెడకు ఆనించుకుంది. మోకాలు వంచి, ఒక్క అడుగు జారుస్తూ తిరిగి, నడుము నుంచి పైకి లేచింది. గొంతులోంచి ఒక కేక వచ్చింది, తాండూరులో ఇద్దరు మనుషులు కలిసి బండ ఎత్తేటప్పుడు వేసే కేక. గుండు చాలా ఎత్తు లేచింది. తడి మట్టిలో పడి అక్కడే దిగబడిపోయింది. టేపు పట్టుకుని కొలిచారు. కేరళ ఆవిడ గుర్తుకు జానెడు అవతల.

ఇంక ఆవిడ చివరి విసురు మిగిలింది. ఆవిడ కూడా ప్రాణం పెట్టి విసిరింది. పోయింది, చాలా దూరమే పోయింది, కానీ ఆపా గుర్తుకు ఇవతలే పడింది.

ఆపా వలయం పక్కన కూర్చుండిపోయి రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుంది. నేను వెళ్ళి ఆమె భుజాలు పట్టుకున్నాను. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, నేనేం చేస్తున్నానో కూడా తెలియలేదు. కేరళ ఆవిడ వచ్చి ఆపాను లేపి కౌగిలించుకుంది. వచ్చీరాని హిందీలో ఏదో అంది. ఆపా పకపకా నవ్వి నాకు తెలుగులో చెప్పింది.

"ఇంకోసారి మనం దిగిన హోటల్లనే దిగుతదంట."

పతకం మెడలో వేశాక ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ళకు సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం కార్ఖానా నడుస్తోంది. ఫోన్‌లో మిషన్ల హోరు. "గెల్చిన బేటా" అని ఆపా రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. కాసేపటికి ఆ హోరులోంచి ఒక మిషన్ ఆగింది, తర్వాత ఇంకోటి. అన్నీ ఆగాక నిశ్శబ్దంలో పనివాళ్ళ కేకలు, ఈలలు వినిపించాయి. ఆపా ఫోన్‌ను నా చెవికి కూడా ఆనించింది. మేమిద్దరం చెంపలు ఆనించుకుని గ్రౌండ్ మధ్యలో నిలబడి తాండూరును విన్నాం.

సాయంత్రం దాకా ఊరు మాదే. నడుచుకుంటూ గదికి పోయి స్నానాలు చేశాం. కింద హోటల్లో కడుపునిండా తిన్నాం. ఆపా మెడలో పతకం తియ్యలేదు. బజారులో మనవరాలికి గాజులు కొంటుంటే దుకాణదారు అదేమిటని అడిగాడు. నేను కన్నడలో చెప్పాను. అతను లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాతి నెలలో నేను తాండూరు పోతే కార్ఖానా వెనక కొత్త వస్తువొకటి కనిపించింది. పనివాళ్ళు పాలిష్ పట్టని గరుకు నాపరాయితో ఒక విసురు వలయం పరిచారు. చుట్టూ సన్నటి రాతి అంచు, సరిగ్గా పోటీల్లో ఉన్నట్టే. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు అక్కడికి ఆడవాళ్ళు వస్తున్నారు. పెద్దేముల్ నుంచి ఇద్దరు షేర్ ఆటోలో వస్తారు. ఒకావిడకు నడుం నొప్పి, ఒకావిడకు సిగ్గు. అందరికీ ఆపాయే మాస్టరు.

మొన్న నేను పక్కన నిలబడి చూస్తుంటే ఆపా గుండు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకు యాభై దాటినయ్ కద టీచరమ్మా. నీకు కూడ పోటీ ఉంటది."

ఉద్యోగంలో చేరాక నేను పిల్లలతో వేయించడమే కానీ నేను వేసింది లేదు. చీర కొంగు నడుముకు దోపి వలయంలోకి దిగాను. గరుకు రాయి నా కాళ్ళను గట్టిగా పట్టుకుంది. గుండు నేననుకున్నదానికంటే దూరం పోయి పడింది. పెద్దేముల్ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆపా అడుగులో అడుగు వేసుకుంటూ కొలవడానికి బయల్దేరింది.